క్యాంపుకి వెళ్ళిన కారు

పదకొండవ భాగం

"మావాడే తీసికెళ్ళాడండీ, క్యాంపుకి. గురువారం పొద్దున వెళ్ళి, శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చాడు," అన్నారు అత్తగారు. అడిగింది ఒక ముక్క, చెప్పింది మూడు ముక్కలు.

గుమ్మం బయట నిలబడ్డ మనిషి తల పంకించి, అరచేతిలో ఇమిడే పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాడు. ఒంటిమీద యూనిఫాం లేదు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఇందాక జేబులోంచి తీసి చూపించిన కార్డు మీద మాత్రం పోలీసు ముద్ర నల్లగా, స్పష్టంగా ఉంది.

పిండిన బట్టల బకెట్టు పట్టుకుని కోడలు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. 'కాదత్తయ్యా' అనడానికి నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఎవరో వచ్చినట్టున్నారే వదినగారూ?" అంటూ ఎదురింటావిడ ఖాళీ పంచదార డబ్బాతో వరండాలోకి వచ్చింది. పక్కవాళ్ళ గుమ్మంలోకి రావాలంటే ఆవిడ చేతిలో ఏదో ఒక ఖాళీ డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

కోడలి నోరు మూసుకుంది.

"ఊరికే అడుగుతున్నానమ్మా," అన్నాడు వచ్చినాయన, అందరికీ కలిపి. "ఆ కారు మీ అబ్బాయిగారే నడిపారా? డ్రైవరెవరైనా ఉన్నాడా?"

స్నానాల గది తలుపు తెరుచుకుని భర్త బయటికొచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది. అతని చూపు ముందు ఆ మనిషి మీద పడింది, తర్వాత తల్లి మీద, ఆ తర్వాత పంచదార డబ్బా మీద. అక్కడే కాస్త ఎక్కువసేపు నిలిచింది.

"నేనేనండీ," అన్నాడు.

ఆరు నెలలుగా నాలుకకి అలవాటైపోయిన మాట. ఎవరు నొక్కినా మోగే గుమ్మం గంటలా మోగింది.

"పాపం, నెలలో పదిరోజులు ఇంటిపట్టున ఉండరండీ," అంది ఎదురింటావిడ, ఎవరూ అడక్కుండానే. "సర్వేయరు ఉద్యోగమంటే అంతే కదా. గురువారం నేనే చూశాను. ఆరెంజ్ జాకెట్ తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని దిగుతున్నారు. 'జాగ్రత్తగా వెళ్ళిరండన్నయ్యగారూ' అని కూడా అన్నాను. అన్నానా లేదా అన్నయ్యగారూ?"

"అన్నారు," అన్నాడు భర్త.

"అయితే ఇక్కడొక సంతకం పెడతారా అమ్మా? ఊరికే."

ఆవిడ పంచదార డబ్బాని చంకలో పెట్టుకుని సంతోషంగా సంతకం పెట్టింది. పుస్తకం చేతికి తిరిగి వచ్చాకే ఆయన అసలు సంగతి చెప్పాడు.

"శుక్రవారం తెల్లవారుజామున, నాలుగున్నర ప్రాంతంలో, బైపాస్ మలుపు దగ్గర రోడ్డు ఊడుస్తున్న ఆడమనిషిని ఒక కారు గుద్దింది. ఆగలేదు. పాల వ్యాను అతను చూశాడు. నంబరులో ఆఖరి మూడంకెలు గుర్తున్నాయిట. నడిపే మనిషి ఆరెంజ్ జాకెట్ వేసుకున్నాడుట. అంతకంటే ఏమీ తెలియదు."

ఎదురింటావిడ ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది, ఆవిడ తలుపు మెల్లగా మూసుకుంది. పంచదార సంగతి మర్చిపోయింది.

బకెట్టు అడుగునుంచి నీళ్ళు చుక్కచుక్కగా కోడలి పాదం మీద పడుతున్నాయి. బకెట్టుకి చిల్లుందని ఆమెకి నెలరోజులుగా తెలుసు.

"నాలుగింటికి మళ్ళీ వస్తాను. ఇంట్లోనే ఉండండి. కారు కదపొద్దు, కడగొద్దు," అని ఆయన వెనుదిరిగాడు.

"ఆవిడకెలా ఉందండీ?" అంది కోడలు.

ఆయన మెట్ల దగ్గర ఆగి ఆమెవైపు చూశాడు.

"ఇంకా కళ్ళు తెరవలేదమ్మా. ఈ ఇంట్లో ఆ మాట అడిగింది మీరొక్కరే."

ఆ ముక్క కూడా పుస్తకంలో రాసుకుని మెట్లు దిగాడు.

* * *

తలుపు గడియ పడగానే ముగ్గురి గొంతులూ తగ్గిపోయాయి. ఈ ఇంట్లో ఇప్పుడు పోట్లాటలు కూడా గుసగుసల్లోనే జరుగుతాయి.

"నేనేనని ఎందుకన్నారు?" అంది కోడలు.

"ఏమనమంటావు? అమ్మ అప్పటికే అనేసింది. ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది. మా కారు అద్దెకి తిప్పుతున్నామండీ అని చాటింపు వేయించమంటావా?"

"నా మీదికి తోస్తావేంరా?" అన్నారు అత్తగారు. "క్యాంపో కాకరకాయో నాకేం తెలుసు? 'ఎవరడిగినా క్యాంపనే చెప్పండత్తయ్యా, తడుముకోకుండా చెప్పండి' అని చిలక్కి నేర్పినట్టు నేర్పింది నీ పెళ్ళాం. తడుముకోకుండా చెప్పాను. అదీ తప్పేనా?"

అత్తగారు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆరు నెలల కిందట కంపెనీ అతన్ని పొలాలూ రోడ్లూ కొలిచే పనిలోంచి తీసి, ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెట్టింది. పై ఊళ్ళు తిరగడానికని కొన్న కారు కింద దుమ్ము కొట్టుకుంటూ నిలబడిపోయింది. అప్పుడే అతనికి ఫోనులో ఆ ప్రకటన కనిపించింది. మీరు నిద్రపోతున్నా మీ కారు సంపాదిస్తుందిట. యాప్‌లో పేరు రాయించుకుంటే చాలు, కావలసినవాళ్ళు వచ్చి తీసికెళ్ళి తిప్పుకుంటారుట, మళ్ళీ తెచ్చి అప్పజెపుతారుట.

"కట్టేసిన ఆవు పాలివ్వడంలేదా? కట్టేసిన కారెందుకివ్వదు?" అన్నాడు ఆవేళ.

"ఆవుని పరాయివాడి చేతికిచ్చి పొరుగూరు పంపిస్తార్రా ఎవరైనా?" అన్నారు అత్తగారు. అప్పుడు అందరూ నవ్వారు.

కారు ఎవడెవడో తోలుకుపోవడం నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? పై ఊళ్ళు తిరిగే ఉద్యోగం పోయిందని ఇంకా ఎవరికీ చెప్పనేలేదు. రెండింటికీ ఒకే మందు కనిపెట్టింది కోడలు. క్యాంపు. కారు గేటు దాటిన రోజున ఆయన క్యాంపుకి వెళ్ళినట్టు.

ఏ పనైనా అతుకు కనపడకుండా చెయ్యడం ఆమెకి అలవాటు. జాకెట్టు ఆమే ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. కొలతల స్టాండు డిక్కీలో ఆమే సర్దేది. అతను జాకెట్టు తొడుక్కుని గేటు దాటి, మూలమీది పెట్రోలు బంకు దగ్గర జాకెట్టు విప్పి వెనకసీట్లో పడేసి, తాళంచెవి అద్దెకు తీసుకున్నవాళ్ళ చేతికిచ్చి, బస్సెక్కి ఆఫీసుకి పోయేవాడు. కారు ఆ రాత్రి బయటే ఉంటే, చీకటి పడ్డాక వెనక మెట్లమీదుగా పైకొచ్చి, దీపం వెయ్యని గదిలో పడుకునేవాడు. దగ్గొస్తే దిండులో ముఖం పెట్టుకునేవాడు.

గురువారం కూడా అంతే. కంచం ఆమె మంచం దగ్గరికే తీసికెళ్ళింది. బైపాస్ మలుపులో ఆ మనిషి పడిపోయిన వేళకి అతను ఆమె పక్కనే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ సంగతి ఈ లోకంలో తెలిసింది ఈ ఇంట్లోవాళ్ళకే. మిగతా వాళ్ళంతా, పాపం నిజాయితీగానే, అతను కారులో ఉన్నాడని ప్రమాణం చేస్తారు.

"ఆ మెత్తనాయన ఫోనెత్తాడా?" అంది.

"ఇందాకటినుంచి పదిసార్లు చేశాను. ఆ నంబరు వాడుకలో లేదుట."

మెత్తనాయన అన్న పేరు అత్తగారు పెట్టింది. ఫోనులో మాట్లాడితే దూది పరిచినట్టుంటుందని. మొదటి రెండుసార్లూ యాప్‌లోనే అడిగి కారు తీసికెళ్ళాడు. మూడోసారి, 'మనం మనం తెలిసినవాళ్ళం, మధ్యలో ఆ యాప్‌వాడికి వాటా ఎందుకండీ' అన్నాడు. అప్పటినుంచీ రాత లేదు, రసీదు లేదు. కారు తిరిగొచ్చేసరికి సీటు ముందరి అరలో ఒక కవరు ఉండేది, అంతే.

"యాప్‌లో పేరైనా ఉండాలిగా, మొదటి రెండుసార్లవీ?"

"చూశాను. ఆ పేరు తీసేసుకున్నాడు. ఖాళీ బొమ్మ ఉంది." అతను నురగ ఎండిపోయిన చెంప గోక్కున్నాడు. "అయినా వాడే గుద్దాడని నీకెవరు చెప్పారు?"

"కారు చెప్పింది. శుక్రవారమే మీకు చెప్పాను. కడిగి తెచ్చాడు, అద్దెకి తీసుకున్న కారు ఎవరైనా కడిగి తెస్తారా అన్నాను. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు సున్నం వేయించి పోతాడా?"

"ఎవడైనా మంచిగా ఉన్నా నీ కంటికి తప్పుగానే కనిపిస్తుందన్నాను," అన్నాడు అతను, నేలవైపు చూస్తూ. ఆవేళ అన్న మాటని అలాగే మళ్ళీ అప్పజెప్పాడు తప్ప, దాన్ని సమర్థించుకోలేదు.

* * *

మధ్యాహ్నం మూడు దాటాక ఆమె కిందికి దిగింది. కారు దాని చోటులోనే ఉంది. ఒళ్ళంతా మెరుస్తోంది.

చుట్టూ తిరిగి ముందువైపు వచ్చి నిలబడింది. చెయ్యి వెయ్యలేదు. ముందు లైట్లు రెండూ చూసింది. కుడివైపు లైటు అద్దం ఏళ్ళ ఎండకి పచ్చబడి, మసకబారి ఉంది. ఎడమవైపుది తేటగా, నీళ్ళలా ఉంది. ఒక ముసలి కన్ను, ఒక పసి కన్ను. రెండూ ఆమెనే చూస్తున్నట్టున్నాయి.

శుక్రవారం ఒళ్ళంతా కడిగి ఉండటం చూసింది. కళ్ళు చూడలేదు.

వెనక కిటికీలోంచి లోపలికి వంగి చూసింది. సీటు ఖాళీగా ఉంది. జాకెట్టు లేదు.

"అమ్మా! డెబ్భై ఆరు, డెబ్భై ఏడు!" కూతురు స్తంభాల మధ్య తాడాట ఆడుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, లెక్కపెడుతూనే మాట్లాడగలదు. "ఇవాళ వంద కొడతాను!"

"చాలు, ఇంక పైకి రా."

"అమ్మా, అమ్మా, ఒక్క వంద! మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచీ!"

"సరే, వంద కాగానే వచ్చెయ్యి," అంది.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో విచారణకొచ్చినాయన కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ పక్కన నిలబడి గేటు పుస్తకంలో పేజీలు తిప్పి చూపిస్తున్నాడు. ఆమెని చూడగానే అతని ముఖం వెలిగింది.

"మా మేడమ్‌గారేనండీ. నాకు రాత నేర్పింది ఈవిడే."

"రండమ్మా," అన్నాడు ఆయన. "ఒక చిన్న అనుమానం. ఊరికే. ఇతను ప్రతిసారీ 'క్యాంబు' అని రాశాడు. ప్రతిచోటా ఎవరో నీలం సిరాతో 'బు' కొట్టేసి 'పు' దిద్దారు. గురువారం పేజీలో కూడా. ఎవరిదమ్మా ఈ దిద్దుబాటు?"

ఆమె పుస్తకంలోకి చూసింది. వరసవరసకీ తన గుండ్రటి అక్షరాలు. కూరలు తేవడానికి వెళ్తూ, వస్తూ, తప్పు కంట్లో పడితే ఊరుకోలేక దిద్దినవి. ఒకటీ రెండూ కాదు, ఆరు నెలల దిద్దుబాట్లు.

"నాదేనండీ."

"అక్షరం ముత్యంలా ఉంది."

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. గొంతుదాకా వచ్చింది కూడా. కానీ వాచ్‌మన్ పక్కనే నవ్వుముఖంతో నిలబడి ఉన్నాడు. మొదటి అంతస్తులో ఎవరో బట్టలు ఆరేసే నెపంతో వంగి చూస్తున్నారు. అయినా ఇది భర్త నోటినుంచి రావలసిన మాట, అడ్డదారిన తాను చెప్తే ఎలా అనుకుంది.

"నాలుగింటికి రండి. మీతో మాట్లాడాల్సింది ఉంది," అంది.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "చెప్పాలనుకున్నవాళ్ళు ఆగరమ్మా. ఆగేవాళ్ళు, ముందు తమలో తాము మాట్లాడుకుంటారు," అన్నాడు, కోపమేమీ లేకుండా.

వెనక తాడు నేలని కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తొంభై, తొంభై ఒకటి.

ఆమె గబగబా మెట్లెక్కింది.

* * *

"లైటు మార్చాడు. జాకెట్టు లేదు," అంది, తలుపు వేస్తూనే.

భర్త సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. సగం గడ్డం అలాగే ఉంది. ఎండిన సబ్బు చెంపమీద సున్నంలా చారలు కట్టింది.

"ఆలోచించాను," అన్నాడు. "క్యాంపులోనే ఉన్నానంటాను. బైపాస్ వైపు అసలు వెళ్ళలేదంటాను. వాళ్ళ దగ్గర మూడంకెలే ఉన్నాయి. ఆ మూడంకెల కార్లు ఊళ్ళో ఎన్ని లేవు?"

"ఏ క్యాంపు?"

"ఏదో ఒకటి."

"ఏ ఊరు? ఎక్కడ పడుకున్నారు? ఎక్కడ తిన్నారు? ఆఫీసుకి ఒక్క ఫోను కొడితే చాలు, గురువారం సాయంత్రం ఐదున్నరకి బల్లమీంచి లేచి వెళ్ళాడని చెప్తారు. కొత్త లైటు సంగతేం చెప్తారు? అది కూడా క్యాంపేనా?"

"అయితే నిజం చెప్పమంటావు."

"చెప్పమంటాను."

"ఎలా చెప్పను? కారు ఎవరికో ఇచ్చానండీ, వాడి పేరు నాకు తెలియదండీ, ఇచ్చినట్టు రాత లేదండీ. ఆ రాత్రి నేను మా ఇంట్లోనే దీపం ఆర్పుకుని, మా పక్కింటివాళ్ళకి కనపడకుండా దాక్కున్నానండీ. ఇదేనా? దొంగ కూడా ఇంతకంటే మంచి కథ చెప్తాడు!"

గొంతు పెరిగింది. ముగ్గురూ ఒకేసారి తలుపువైపు చూశారు. వరండా అవతల ఎదురింటివాళ్ళ రేడియో ఆగిపోయింది.

"అదిగో," అన్నాడు అతను, గొంతు దించి. "విన్నావా? సాక్ష్యం ఎవరు చెప్తారు నాకు? నువ్వా? పెళ్ళాం సాక్ష్యం, తల్లి సాక్ష్యం! ఇవాళ పొద్దున నా నోటితో నేనేనన్నాను. ఆవిడ సంతకం పెట్టింది. ఆ పుస్తకంలో నీ చేతిరాత ఉంది. ఈ క్యాంపు నువ్వు కట్టిన కోట. చీమ దూరే సందు కూడా వదల్లేదు. ఇప్పుడు నన్ను బయటికి ఎక్కణ్ణుంచి రమ్మంటావు?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అతుకు కనపడకూడదనుకుంది, కనపడలేదు.

"యాప్‌వాడిని వదిలేసింది మీరు," అంది. "కానీ కోట నేనే కట్టాను. కాదనను."

కోడలు తప్పొప్పుకోగానే అత్తగారు మనిషి మారినట్టు అయిపోయారు. ఇంతసేపూ వాదనకి సిద్ధంగా నడుంమీద పెట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"ఆ ఊడ్చేదానికి ఎన్నేళ్ళుంటాయో," అన్నారు.

ఆవిడ చూపు కిటికీలోంచి రోడ్డుమీదికి పోయింది.

"తెల్లారకుండా నాలుగున్నరకి రోడ్డుమీదికి వచ్చిందంటే, దాని ఇంట్లో అది ఏ మూడింటికో లేచి ఉంటుంది. దానికీ ఓ అత్త ఉంటుంది, ఓ మొగుడుంటాడు. ఆస్పత్రి బయట కూర్చుని ఉంటారు." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "పరువుదేముందిరా. ఇవాళ పోతే రేపు వస్తుంది, దానికి సిగ్గెక్కడ? చెప్పెయ్యి. గుద్దినవాడు ఏ మూలో హాయిగా తిరుగుతుంటే, వాడి పాపానికి మనం దుప్పటి కప్పుతామా?"

భర్త భుజంమీది తువ్వాలు తీసి చెంపమీది ఎండు సబ్బు తుడిచేసుకున్నాడు. కింద గడ్డం అలాగే ఉంది.

"సరే. నేనే చెప్తాను," అన్నాడు. "కానీ నువ్వు మధ్యలో దిద్దకు."

"దిద్దను."

"ఒక్క మాట కూడా సర్దకు."

"సర్దను. జరిగింది జరిగినట్టు చెప్పండి. అతుకులు కనపడనివ్వండి," అంది.

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆమె వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది. ఎదురింటావిడ వింటే విననీ అనుకుంది. ఆరు నెలల తర్వాత వరండాలోని గాలి ఇంట్లోకి తిన్నగా వచ్చింది. అతను దాక్కునే, దీపం వెయ్యని గది తలుపు కూడా తీసి, కిటికీ తెర పక్కకి లాగింది. దిండు ఇంకా నొక్కుకుపోయి ఉంది. దాన్ని దులపబోయి, చేతులు వెనక్కి తీసుకుంది. ఉన్నదున్నట్టు ఉండనీ.

అప్పుడు గుర్తొచ్చింది. వంద ఎప్పుడో అయిపోయి ఉండాలి. పిల్ల పైకి రాలేదు.

* * *

మెట్లమీద రెండు జతల అడుగులు వినిపించాయి. ఒకటి బరువైనది. రెండోది ఒక్కో మెట్టునీ గెంతుతూ ఎక్కుతోంది.

కూతురు ముందు వచ్చింది. తాడు మెడలో వేసుకుంది, ముఖమంతా చెమటలు. "అమ్మా, నూటపన్నెండు!" అంది. దాని వెనకే ఆయన.

"మీ పాపే దారి చూపించింది," అన్నాడు. "చలాకీ పిల్ల. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం."

భర్త లేచి నిలబడ్డాడు. "రండి. మీకు నేనొక విషయం చెప్పాలి. పొద్దున నేను చెప్పింది..."

"ఒక్క నిమిషం సర్." ఆయన కూర్చోలేదు. పుస్తకం తెరిచాడు. "ముందు పాప చెప్పింది చదువుతాను. పిల్లల మాట కదా, నేను తప్పుగా రాసుకున్నానేమో మీరు సరిచూడండి. ఊరికే."

కోడలు ఒక అడుగు ముందుకి వేసింది.

"'గురువారం రాత్రి మా నాన్న క్యాంపులో ఉన్నారు. నేను పడుకునేముందు ఫోను చేశారు. అక్కడ పెద్ద వాన పడుతోందన్నారు. కారు వైపరు పాడైపోయింది, కీచుకీచుమంటోంది, ముందు దారి కనపడటంలేదు అన్నారు. నేను జాగ్రత్త నాన్నా అన్నాను.'" ఆయన తలెత్తాడు. "వైపరు నేను చూశాను. నిజంగానే పాడైంది. గురువారం రాత్రి వాన కూడా నిజమే. ఊళ్ళో పడలేదు. బైపాస్ వైపే పడింది."

పక్కన నిలబడి పిల్ల నవ్వుతోంది.

నాలుగు నెలల కిందటి మాట ఆమెకి గుర్తొచ్చింది. అప్పుడు ఎదురింటావిడ 'మీ నాన్నేరీ' అని అడిగితే, పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు 'క్యాంపు' అంది. ఆవిడ నవ్వింది. ఆ రాత్రి జడ విప్పుతూ తనే చెప్పింది. 'ఒట్టినే క్యాంపు అంటే ఎవరూ నమ్మరే. ఒక చిన్న నిజం కలపాలి. నాన్న ఫోను చేశారనో, వాన పడుతోందనో. అప్పుడు మాట నిలబడుతుంది.' పిల్ల అద్దంలో తనవైపు చూసి కళ్ళు పెద్దవి చేసింది. నెలరోజులుగా ఆ వైపరు బాగుచేయించమని తాను మొగుణ్ణి సాధిస్తుంటే, అది కూడా విని దాచుకుంది.

"అది నిజం కాదండీ," అన్నాడు భర్త. "నేను ఫోను చెయ్యలేదు. ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడే, ఆ గదిలో..."

"పాప అబద్ధం చెప్పిందంటారా?"

పిల్ల ముఖంలో నవ్వు సగంలో ఆగింది. తండ్రివైపు చూసింది. నానమ్మవైపు చూసింది. వాళ్ళ ముఖాల్లో ఏం కనపడిందో, ఏం తప్పు చేశానో తెలియనట్టు పెదవి కొరుక్కుంటూ, చివరికి తల్లివైపు తిరిగింది. ఇంట్లో తప్పొప్పులు దిద్దే మనిషి ఆమే కదా.

"నేను తడుముకోలేదమ్మా," అంది. "నువ్వు నేర్పినట్టే చెప్పాను. బాగా చెప్పానా?"

అత్తగారు గోడ పట్టుకుని కూర్చున్నారు.

వరండా అవతల ఎదురింటి తలుపు బెత్తెడు తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. కొత్త పేజీ తిప్పాడు. పెన్సిలు మొన కాగితం మీద ఆనించి, భర్తని వదిలేసి, తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఇప్పుడు మీరు చెప్పండమ్మా. పాప చెప్పిందా, మీవారు చెప్పిందా? ఈ రెండిట్లో మీరు నేర్పింది ఏది?"

ఈసారి ఆయన 'ఊరికే' అనలేదు.